ఈరన్న చేయని రెండో బండి

ఆదోనిలో మా సందు మొదట్లో పంక్చర్ల కొట్టు ఒకటుంది. ట్యూబుకు సొల్యూషన్ రాసిన ఘాటు ముక్కుకు తగిలితే చాలు, ఎమ్మిగనూరులో సైకిళ్లు బాగుచేసే ఈరన్న గుర్తొస్తాడు. అక్కడి చిన్న బడిలో టీచరుగా చేరిన కొత్తలో నా మూడేళ్ల కూతురిని సైకిల్ క్యారియర్ మీద కూర్చోబెట్టుకుని పోయేదాన్ని. పాప పాదం చక్రం ఊచల్లో పడి గీరుకుపోయిన రోజు ఈరన్న నన్ను కోప్పడి, సైకిల్ వెనక తగిలించే రెండు చక్రాల చిన్న బండి తనే చేసిపెట్టాడు.

బండి ఇచ్చి ఊరుకుంటే ఈరన్న ఎందుకవుతాడు? పాపను ఎక్కించనివ్వలేదు. అంచుదాకా నింపిన నీళ్ల బిందెను బండిలో పెట్టి వీధి చివరిదాకా పోయి రమ్మన్నాడు. తిరిగొచ్చేసరికి బిందె సగం ఖాళీ. "నీళ్లు తొణికితే బిడ్డ తొణికినట్లే టీచరమ్మా. పక్కన నడిచే మనిషి నీతో మాట్లాడుకుంటా రావల్ల, అంతే జోరు. మలుపు కాడ ఇంకా నిదానం" అన్నాడు. నాది పుట్టుకతో వచ్చిన తొందర. నాలుగు రోజులు అట్లాగే తిప్పించాడు. లోపల తిట్టుకుంటూనే నేర్చుకున్నాను.

ఒక వానాకాలం ఉదయం బడికి ఆలస్యమైంది. దిగుడులో బ్రేకు పట్టకుండా వదిలేసి, అదే ఊపులో మలుపు తిరిగాను. సైకిల్ తిరిగింది, వెనక బండి పల్టీ కొట్టింది. పాప చెయ్యి విరిగింది. "ఎట్ల పోయినావు?" అని మా ఆయన అడిగితే "మెల్లగానే" అన్నాను. అప్పుడే ఈరన్న వచ్చాడు. బండిని సైకిల్‌కు కలిపే కమ్మీ వంగిపోయి ఉంటే తడిమి చూసి, "నా పనిలోనే తప్పుంటాదిలేప్పా" అన్నాడు మా ఆయనతో. ఆ తప్పును నేను ఈరన్న మీదే ఉండనిచ్చాను.

వారం తిరక్కుండా, కూలికి పోయే మరియమ్మ ఈరన్న కొట్టుకు వచ్చింది. నడక రాని కొడుకును రోజూ చంకనెత్తుకుని మా బడికి తెచ్చేదామె. "ఇంట్లో సైకిలుంది, నా బిడ్డకూ అట్లాంటి బండి చేసియ్యన్నా" అని అడిగింది. "బిడ్డల బండి ఇంక చేయను తల్లీ" అన్నాడు. నేనక్కడే టైరుకు గాలి కొట్టించుకుంటున్నాను. అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. వాడు బరువెక్కేకొద్దీ ఆమె రావడం తగ్గింది. తర్వాతి ఏడాది హాజరు పట్టీలో వాడి పేరు లేదు.

నిజం చెప్పడానికి నాకు పదేళ్లు పట్టింది. ఆలూరులో కూతురింట ఉన్న ఈరన్న దగ్గరికి పోయి, తప్పంతా నాదేనన్నాను.

"ఆ పొద్దే తెలిసె టీచరమ్మా. కమ్మీ అతుకు కాడ ఊడలే, పడినాక వంగింది. మీ ఆయన ముందర ఏం సెప్పేది?"

"మరి మరియమ్మకు ఎందుకు చేయలేదన్నా?"

"నాలుగు దినాలు నేర్పించినా నీతోనే కాలేదు. ఇంకో బిడ్డను యాడ కూర్చోబెట్టేది?" కోపంగా అనలేదు. కాఫీ తాగిపొమ్మన్నాడు.

ఇప్పుడు ఈరన్న లేడు. నా కూతురి చెయ్యి ఎప్పుడో అతుక్కుంది, దానికి ఆ సంగతే గుర్తులేదు. మరియమ్మ కొడుక్కు సంతకం పెట్టడం రాదని విన్నాను. ఆ ఉదయం ఆలస్యంగా పోయి ఉంటే పెద్ద టీచరమ్మ రెండు మాటలు అనేది, అంతే. ఆ రెండు మాటలు పడలేక ఒక బిడ్డకు బడే లేకుండా చేశాను.