ఢిల్లీ గుమ్మంలో గరగ

రావులపాలెం మార్కెట్లో అరటి గెలలు మోసే వీరవెంకటరమణ ఎవరేమన్నా "ఆయ్" అని తలూపే మనిషి. జాతరలో అమ్మవారి గరగ కుండ నెత్తికెక్కిందా, ఇక ఆ తల ఊగదు. మెడ నిటారుగా నిలబెట్టి, కళ్లు సగం మూసి, సొంతూరు పలివెలలో ఏ గుమ్మం ముందు ఆగినా ఇల్లాలు బిందెడు పసుపు నీళ్లు కాళ్ల మీద పోసేదాకా అడుగు కదపడు. వెనక లారీవాడు హారన్ మోగించినా అంతే.

ఆ పట్టుదల ఢిల్లీలో జరిగిన కళల వారోత్సవానికీ వెంట వెళ్లింది. డప్పులు మోగుతున్నాయి, హాలంతా చూస్తోంది, రమణ మాత్రం నెత్తిన గరగతో వేదిక మెట్ల దగ్గర ఆగిపోయాడు. నిర్వాహకుడు చెయ్యి ఊపాడు, వాచీ చూపించాడు, చివరికి దణ్ణం పెట్టాడు. "ఆడవాళ్లు నీళ్లు పొయ్యాలండి, లేపోతే కదలడండి," అని డప్పు వాయించే అయ్యప్ప బతిమాలాడు. ఆ తెలుగు అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. దాహమనుకుని ఒకాయన మంచినీళ్ల సీసా రమణ నోటి దగ్గర పెట్టాడు. అయ్యప్ప డప్పు ఆపకుండానే గడ్డంతో కాళ్ల వైపు చూపించాడు. కార్యక్రమం నడిపిస్తున్న పట్టుచీర అమ్మాయి చటుక్కున సీసా లాక్కుని, వంగి, ఆ కాళ్ల మీద కుమ్మరించింది. గరగ కదిలింది. అదీ ఆటలో భాగమేననుకుని జనం లేచి చప్పట్లు కొట్టారు.

ఊరికి తిరిగొచ్చాక, "ఢిల్లీ వాళ్లు బాగా చూసుకున్నారా రమణా?" అని పక్కింటి పెద్దింట్లమ్మ గారు అడిగారు.

"ఆయ్, మర్యాదస్తులేనండి. కాళ్లకి నీళ్లు పోసేరు," అని గొంతు తగ్గించాడు. "పసుపు వెయ్యడమే తెలీదండి, పాపం."