ఎవరినీ ఎరగని మా అమ్మమ్మ

మా అమ్మమ్మకు ఊళ్ళో ఎవరూ తెలియదు. పెద్దాసుపత్రిలో నర్సుగా పనిచేస్తూ ఊళ్ళో సగం మందికి సూది పొడిచింది, మిగతా సగానికి కట్లు కట్టింది. అయినా సరే, ఆసుపత్రి గేటు దాటిందంటే ఆమెకు అందరూ కొత్తవాళ్ళే.

కూరల కొట్టాయన మొహమంతా నవ్వు చేసుకుని పలకరించేవాడు.

"నమస్కారం నర్సమ్మగారూ! గుర్తుపట్టలేదా? పోయిన నెల మీ వార్డులోనే ఉన్నాను కదండీ!"

"తెలియదు నాయనా. ఉల్లిపాయలెంత?"

"అదేనండీ, కూర్చోలేక నానా బాధా పడుతుంటే మీరే కదా..."

"ఉల్లిపాయలెంతని అడిగాను!"

బజారు దద్దరిల్లేది. పాపం, కృతజ్ఞత గొంతులోనే ఉండిపోయి ఆయన రెండు ఉల్లిపాయలు ఎక్కువ వేసేవాడు. అమ్మమ్మ వాటిని తీసి తిరిగి బుట్టలో పడేసేది.

సొంత మొగుడికీ మినహాయింపు లేదు. తాతయ్యకు ఏదో ఆపరేషనైంది. ఏమిటని అడక్కండి, మాకే చెప్పలేదు. ఆయన తమ్ముడు ద్రాక్షపళ్ళ బుట్టతో వార్డు గుమ్మం దాకా వచ్చాడు.

"వదినా, అన్నయ్యది ఏ మంచం?"

"లోపల ఎవరున్నారో చెప్పకూడదు. పేషెంటును అడిగొస్తాను, ఉండండి."

పేషెంటు మత్తులో గురక పెడుతున్నాడు. అనుమతి రాలేదంది. చిన్నతాత ద్రాక్షపళ్ళతో వచ్చినదారినే పోయాడు. దారిలో అవీ అయిపోయాయట.

"నేను నీ మొగుడినే!" అన్నాడు తాతయ్య మెలకువ వచ్చాక.

"ఇంటికెళ్ళాక. ఇక్కడ కాదు."

మా బడిలో లెక్కలు చెప్పే పంతులమ్మ ఉండేది. నన్ను తొమ్మిదో తరగతి దాటించడానికి ఆమె పడ్డ పాట్లు పగవాళ్ళకు కూడా వద్దు. ఆమె ఉన్నట్టుండి సెలవు పెట్టింది. చాలా రోజులకు తిరిగొచ్చింది, బాగా చిక్కిపోయి. మతి చలించి ఆసుపత్రిలో ఉందని వీధంతా గుసగుసలు. ఆ గుసగుసలు చెవిన పడి బడి యజమాని మా ఇంటికొచ్చాడు.

"ఒక్క ముక్క చెప్పండి నర్సమ్మగారూ. మా టీచరమ్మ మీ పిచ్చివార్డులో ఉందా? ఉందంటే రేపే మాన్పించేస్తాను."

"నాకు తెలియదండీ."

"పోనీ, లేదనైనా అనండి. ఉద్యోగంలో ఉంచేస్తాను."

నేను ఆగలేక అమ్మమ్మను వంటింట్లోకి లాక్కెళ్ళాను.

"లేదని ఒక్కమాట అనొచ్చు కదా! నీ సొమ్మేం పోయింది?"

"ఇవాళ ఈవిడ లేదంటాను. రేపు ఇంకెవరి గురించో అడిగితే నోరు మూసుకుంటాను. ఆ మూసిన నోరే వాళ్ళ జబ్బు చెప్పేస్తుంది కదే, మొద్దూ! అందుకే జలుబు చేసినవాడికైనా, ఇంకేం చేసినవాడికైనా నాది ఒకటే మాట."

అప్పుడర్థమైంది నాకు, ఉల్లిపాయలాయన మీద ఆ కేకలెందుకో.

మేము బయటికొచ్చేసరికి బడి యజమాని లేచి నిలబడి ఉన్నాడు.

"మీరు చెప్పడం లేదంటే ఉన్నట్టేగా! రేపే లెక్క తేల్చేస్తాను."

"రేపు మీ గురించి ఎవరైనా వచ్చి అడిగినా ఇదే మాటంటాను. అప్పుడు మీకూ ఏదో ఉన్నట్టేనా?"

ఆయన మళ్ళీ కూలబడ్డాడు. చేతిరుమాలు తీసి, తుడవాల్సినదానికంటే ఎక్కువసేపు చెమట తుడుచుకున్నాడు.

"నా గురించి... ఎవరైనా వచ్చారా?"

"తెలియదండీ."

ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"అలాగే అనండమ్మా. ఎవరడిగినా అలాగే అనండి. టీచరమ్మ సంగతి నేనూ అడగలేదనుకోండి." వెళ్ళబోయి, గుమ్మం దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "అమ్మా, నాకు అది మళ్ళీ మొదలైంది..."

"ఒసేయ్, నువ్వు బయటికి నడు!" అంటూ అమ్మమ్మ నన్ను గెంటి తలుపేసుకుంది. పైగా రేడియో గట్టిగా పెట్టింది. నేను తలుపుకు చెవి ఆనించి విన్నాను. ధాన్యం ధరలు తప్ప ఇంకేమీ వినబడలేదు.

మర్నాడు బడి గేటు దగ్గర యజమాని పంతులమ్మకు తానే ముందుగా నమస్కారం పెట్టాడు. ఎన్నడూ లేని ఆ మర్యాదకు ఆవిడ హడలిపోయింది. ఆ కంగారంతా తరగతిలోకి తెచ్చి నా లెక్కల మీద తీర్చుకుంది. అన్నీ తప్పేనంది. పెద్ద సున్నా చుట్టింది.

అంత సంతోషంగా సున్నా తెచ్చుకున్న పిల్ల ఆ బడిలో అంతకుముందు లేదు.