బ్యాడ్జీతో సముద్రంలో దిగిన వైనం

ఒకడి ప్రాణం కాపాడబోయి నా ప్రాణం మీదికి తెచ్చుకున్న సంగతి చెబుతాను. మీరు నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం నేను నవ్వలేదు.

మా విశ్వవిద్యాలయంలో విద్యార్థుల బాగోగులు చూసేందుకు ఒక సహాయ కేంద్రం ఉంది. దిగులుగా ఉన్నవాళ్లను పలకరించి, కౌన్సెలర్ సరళ మేడమ్ దగ్గరికి తీసుకెళ్లే వాలంటీర్లలో నేనొకణ్ని. రెండు రోజులు శిక్షణ ఇచ్చి, 'నాతో మాట్లాడండి' అని రాసిన బ్యాడ్జీ ఇచ్చారు. నెల తిరిగినా ఒక్కరూ మాట్లాడలేదు. రోగులు రాని డాక్టరులా ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు నా కన్ను హాస్టల్లో నా గదిలోనే ఉండే మునిశేఖర్ మీద పడింది. మొదటి సంవత్సరం కుర్రాడు, పులికాట్ పక్క పల్లెలో చేపలు పట్టే కుటుంబం. మెస్‌లో సరిగా తినడు. ఎవరితోనూ మాట్లాడడు. ప్రాణం తీసుకోబోయేవాళ్లను కనిపెట్టే గుర్తులు రాసి శిక్షణలో ఇచ్చిన కాగితం తీసి రెండు గుర్తులకు టిక్కు పెట్టుకున్నాను. ఒక శనివారం పొద్దున వాడు తన బకెట్టు, పరుపు నా మంచం పక్కకు జరిపాడు.

"ఇవి నువ్వు వాడుకో అన్నా. నాకింక వీటితో పని లేదు."

కాగితం మళ్లీ బయటికి తీశాను. వస్తువులు పంచిపెట్టడం ఆ కాగితంలో మూడో గుర్తు.

వాడు చెప్పులేసుకుని బయలుదేరాడు. నేను అడగాల్సింది ఒక్క మాట. కానీ మాది చిల్లకూరు దగ్గర వరి పండించే ఇల్లు. గుమ్మం దాటేవాణ్ని ఎక్కడికని అడిగితే వెళ్లే పని చెడుతుందని మా అమ్మ నమ్మకం. చిన్నప్పుడు ఆ మాట అడిగినందుకు నా వీపు ఎన్నిసార్లు చిట్లిందో లెక్కలేదు. ఆ అలవాటు నా నోరు నొక్కేసింది. అడిగితే ఏ కీడు జరుగుతుందోనని, నా తెలివి చూడండి, అడగకుండా వెంటపడ్డాను.

వాడు సముద్రం ఒడ్డుకు పోయే బస్సెక్కాడు. నేనూ అదే బస్సు వెనక తలుపు నుంచి ఎక్కి సరళ మేడమ్‌కి ఫోన్ చేశాను.

"మేడమ్, నా గదిలో ఉండే మునిశేఖర్ సముద్రం వైపు పోతుండాడు. నాకు భయంగా ఉంది."

"అతన్ని అడిగావా?"

"లేదు మేడమ్."

"పక్కన కూర్చుని అడుగు. ఒంటరిగా వదలొద్దు. నేను బయలుదేరుతున్నా."

ధైర్యం కూడగట్టుకుని లేచేసరికి బస్సు ఆగింది. వాడు దిగిపోయాడు.

ఒడ్డున వాడు చొక్కా విప్పి మడిచి, దాని మీద ఫోన్ పెట్టాడు. వెనక్కి చూడకుండా నీళ్లలోకి నడిచాడు. మోకాళ్లు మునిగాయి. నడుము మునిగింది. వీడికేమన్నా అయితే వీళ్లమ్మకు ఏం చెప్పాలి? నెల రోజులు పక్క మంచం మీద పడుకుని ఒక్క మాటైనా అడగలేదని చెప్పాలా?

"మునీ, ఆగరా" అని అరుస్తూ దూకాను. నాకు ఈత రాదన్న సంగతి రెండో అల నెత్తిన పడ్డాక గుర్తొచ్చింది. కాళ్ల కింద ఇసుక జారిపోయింది. ముక్కులోకి ఉప్పునీళ్లు పోయాయి. చొక్కాకు పెట్టుకున్న బ్యాడ్జీ ఎటు పోయిందో తెలియదు. అంతలో ఎవరో జుట్టు పట్టుకుని ఒడ్డుకు లాగారు. ఎవరో కాదు, వాడే.

"ఏందన్నా, ఈత రాకుండా దిగినావు?"

"నువ్వెందుకు దిగినావురా?"

వాడు చేయి చూపించాడు. కాస్త దూరంలో ఒక పడవ. "మా మామది. వల లాగేదానికి మనిషి చాల్లేదని రమ్మన్నాడు."

"మరి బకెట్టు? పరుపు?"

"ఇంక ఈడ మామోళ్లింట్లో ఉండి బస్సులో కాలేజీకి వస్తానన్నా. ఆ మెస్ చేపల కూర నోట పెట్టలేకపోతుండా."

"చెప్పొచ్చు కదరా."

"నువ్వు అడగలేదు కదన్నా." వాడు కాసేపు ఇసుక కెలికాడు. "నెలగా ఎవురూ అడగలేదు. ఈడైతే మాట్లాడేదానికి మనుషులుండారు."

నాకు నిజంగా సిగ్గేసింది. తలెత్తి వాడి మొహం చూడలేకపోయాను.

మేడమ్ ఆటోలో వచ్చారు. మునితో చాలాసేపు మాట్లాడి, వారానికోసారి కనపడమన్నారు. తర్వాత సంచిలోంచి, సాయం కోరి వచ్చేవాళ్ల పేర్లు రాసే ఖాళీ రిజిస్టరు తీసి, మొదటి పేజీలో మొదటి పేరు రాశారు. అది నాది. సమస్య అన్న చోట 'అడగడానికి భయం' అని రాసి నాచేత సంతకం పెట్టించారు.

కాబట్టి సముద్రంలో కలిసిపోయిన ఆ బ్యాడ్జీ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. మోకాలు దాటిన నీళ్లలో ఇక ఎవర్నీ కాపాడను. ఎవరు బయలుదేరినా గుమ్మంలోనే ఎక్కడికని అడుగుతాను. మొన్న ఇంటికి వెళ్లినప్పుడు చెప్పులేసుకుంటున్న మా అమ్మనే అడిగాను. వేసుకున్న చెప్పు తీసి చేత్తో పట్టుకుంది.