శుక్రవారం అగ్గిపుల్ల

రామలింగం మేస్త్రి సోమవారం పొద్దుగాల నోరు తెరిచెటోడు గాదు. శివుని రోజు, పగటీలి బువ్వ దాంక మౌనం అనెటోడు. నొసటి మీద విబూది పట్టెలు, మెడల రుద్రాక్షలు. కల్లు దుకాణం ముంగట్నించి పోవాల్సొస్తే ముక్కు మూసుకొని ఉరికెటోడు. కాశిబుగ్గల భజన పెడితే ముంగటి పీట ఆయనదే. ఇంత మంచి మనిషిని తిట్టుకుంటనే చిలుకమ్మ నాలుగేండ్ల సంది నిద్ర లేస్తాంది.

ఎందుకంటె ఆమె మొగడు మొగిలి పేరు గేటు కాడి బోర్డు మీద రాసింది ఆ మేస్త్రి చెయ్యే.

చంద్రభాగ నూలు మిల్లుల మొగిలి పదకొండేండ్లు కార్డింగుల చేసిండు. పత్తిని మిషన్ల మీద దువ్వే ఖాతా అది. లోపల దుమ్ము ఎట్లుంటదంటె, నల్ల మీసంతోని పోయినోడు నెరిసిన మీసంతోని బయటికొస్తడు. గొంతుల దుమ్ము దిగాలని మిల్లోళ్ళు రోజూ తలా ఒక బెల్లం ముక్క పెట్టెటోళ్ళు. బెల్లం పోయేది కడుపులకు, దుమ్ము పోయేది ఊపిరితిత్తులకు. రెండిటి దారులు వేరని ఎవ్వలూ అనుకోలె. మొగిలైతే సగం ముక్క అంగి జేబుల దాచి పెండ్లానికి తెచ్చెటోడు. దానికంటిన నూలు పోగులు పీక్కుంట ఆమె తినేది.

ఆదివారం సెలవు. సోమవారం పనికెక్కంగనే మొగిలికి ఛాతి మీద ఎవలో కూసున్నట్టయ్యేది. మంగళవారానికి లేచి పొయ్యెటోడు. మొగిలి ఆదివారం రెండు ముంతల కల్లు తాగుతుండె, అబద్ధమెందుకు. ఇగ అందరికీ జవాబు దొరికింది, కల్లు దెబ్బ అన్నరు. మొగిలి సుత నమ్మి కల్లు బంద్ చేసిండు. ఛాతి మీదోడు మాత్రం లేవలె. కొన్నేండ్లకు మంగళవారం సుత కూసున్నడు. ఆ తర్వాత వారమంతా అక్కడ్నే కాపురం పెట్టిండు.

డెబ్బయ్యారుల ఒక సోమవారం పొద్దుగాల మొగిలి మిషన్ కాడ్నే కూలబడ్డడు. మౌనంల ఉన్న మేస్త్రి ఒక్క మాట అడగలె. సీద గేటు కాడికి పోయి నల్ల బోర్డు మీద సుద్దతోని రాసిండు. "మొగిలి తాగి పనికి వచ్చినందుకు తీసివేయడమైనది." అక్షరాలు గుండ్రంగ, మంచిగున్నయ్. నెల రోజులు ఎవ్వలూ తుడువలె. చిలుకమ్మకు చదువు రాదు గని, నల్ల కాడ నీళ్ళు పట్టుకునేటప్పుడు చదివి వినిపించెటోళ్ళకు కొదువ లేకుండె.

రెండేండ్లకు మొగిలి పోయిండు. ఆఖరి రోజులల్ల కాళ్ళు వాచి, పండుకుంటె ఊపిరాడక, గోడకు ఒరిగి కూసొనే నిద్రపొయ్యెటోడు. శవం కాడ సుత ఎవలో కల్లు ముచ్చట తీసిన్రు.

పెద్దకర్మ అయినంక మేస్త్రి ఇంటికొచ్చి, మిల్లుల ఊడ్శే పని ఇప్పిస్తనన్నడు. ఇప్పిచ్చిండు గూడ. ఆ పుణ్యం సంగతి భజనకొచ్చినోళ్ళందరికీ చెప్పుకున్నడు. చిలుకమ్మ పొట్టకోసం పోతాందనుకున్నరు అందరు. ఆమె పోయింది ఆయనను దగ్గర్నుంచి చూసెటందుకు. మొదట్ల చిల్లర పనులు చేసింది. ఆయన చెప్పులు పత్తి చెత్త బస్తాల వేసి కుట్టిచ్చింది. ఒకసారి ఎనుమాముల మార్కెట్ల నుంచి తెచ్చిన మిరప గింజలు ఆయన తాగే చెంబుల కలిపింది. ఆ పూట మేస్త్రి ఎగిరిన ఎగురుడు చూసి ఖాతాల ఉన్నోళ్ళంత నవ్విన్రు. ఆమెకు మాత్రం సల్లబడలె. చెప్పులు గాదు ఆమెకు కావాల్సింది. బోర్డు మీద మాట తుడిసిన్రు గని జనం నోట్లెకెల్లి తుడువలె. రాసిన చెయ్యితోనే తుడిపియ్యాలె.

ఏడాదికి ఆమెకు సుత దగ్గు షురూ అయ్యింది. చర్చోళ్ళ మిషన్ దవాఖానకు పోతే అక్కడ హన్నా అని ఒక నర్సమ్మ ఉండె, గొంతు పెద్దది, మనసు అంతకంటె పెద్దది. దగ్గు ఏ రోజు ఎక్కువుంటది అని అడిగింది. ఏ వారం అని అడిగినోళ్ళు అప్పటిదాంక ఎవ్వలూ లేరు. చిలుకమ్మ తన దగ్గు ముచ్చట ఇడిసిపెట్టి మొగిలి కథంతా చెప్పింది.

హన్నా మొత్తం విని, "నీ మొగడు కల్లుతోని పోలె అక్కా, పత్తితోని పోయిండు," అన్నది.

ఆమె ఇడమరిచి చెప్పింది. సెలవు నాడు ఛాతి జర తెరుసుకుంటది, మర్నాడు దుమ్ముల కాలు పెట్టంగనే బిగుసుకుంటది. మొదట్ల ఆ ఒక్క రోజే పడుతది. అప్పుడే పసిగట్టి మనిషిని దుమ్ములకెల్లి తప్పిస్తే మంచిగైతది. ఏండ్లు గడిస్తే ఊపిరితిత్తులు పాడైతయ్, వాటి బరువు గుండె మీద పడుతది, ఆఖరికి కాళ్ళు వాస్తయ్. బీడీ తాగెటోళ్ళకైతే ఇంకింత జల్ది. చెప్పుకుంటనే హన్నా ఒక అగ్గిపుల్ల గీసి, జానెడు కంటె జర తక్కువ దూరంల పట్టి, నోరు బార్ల తెరిచి ఊదమన్నది. పెదవులు దగ్గరికి తేవద్దు. చిలుకమ్మ ఊదితే ఆరింది. నీది మొదలే, వాకిలి ఊడ్శే పని అడుక్కో అని చెప్పి, హన్నా నాలుగు చీటీలు చేతుల పెట్టింది. అగ్గిపుల్ల ఆర్పలేనోళ్ళు కనవడితే చీటీ ఇచ్చి తోలియ్యి, ఇక్కడ మిషన్ల ఊదిపిచ్చి డాక్టరు చూస్తడు అన్నది.

ఎనభయ్యో సంవత్సరం ఎండకాలం కరెంటు కోతలొచ్చి మిల్లు సెలవు ఆదివారం నుంచి గురువారానికి మారింది. ఛాతి పట్టుడు సుత సోమవారం ఇడిసి శుక్రవారం వచ్చుడు షురూ అయ్యింది. మేస్త్రి కాడ దానికీ జవాబున్నది. సెలవు మారితే కల్లు సుత మారదా అన్నడు. కార్డింగుల చేసే పౌలు, చర్చి ఇడిసి ఎటూ పోని మనిషి, ఆయనకు సుత ఛాతి పట్టె. ఆయన ఇంట్ల దాసుకొని తాగుతాండన్నడు.

ఒక శుక్రవారం చిలుకమ్మ ఊడ్సుకుంట ఊడ్సుకుంట ఆగింది. మేస్త్రి అరుస్తలేడు. పానాతోని ఇనుప కంబం మీద కొట్టి మనుషులను పిలుస్తాండు. ఏంది మేస్త్రిసాబ్, మౌనం సోమవారం కద అంటె, ఆయన దండం పెట్టి పైకి చూపెట్టిండు. అమ్మవారి రోజు అన్నట్టు.

నిన్న గురువారం భజనల ఇదే మనిషి వాడకట్టంత వినవడేటట్టు రాగం తీసిండు. కరెంటోళ్ళు సెలవు మారిస్తే దేవుడు వారం మార్చుకున్నడా? చిలుకమ్మకు మొగడు పోయినంక మొదటిసారి నవ్వొచ్చింది. చెత్త బస్తా మీద కూసొని నోట్ల కొంగు కుక్కుకొని నవ్వింది. వచ్చే శుక్రవారం దాంక ఓపిక పట్టింది.

ఆ శుక్రవారం చాయ్ టైంల, వాకిట్ల, అగ్గిపెట్టె తీసింది. నోరు బార్ల తెరిచి ఆర్పాలె, ఎవలొస్తరో రాండ్రి అన్నది. ఆట అనుకొని అందరొచ్చిన్రు. ఆరినోళ్ళు మీసం తిప్పిన్రు. ఆరనోళ్ళను పెండ్లాం కాడ సుత ఇంతేనా అని ఎక్కిరిచ్చిన్రు. పౌలుకు రెండోసారికి ఆరింది. మేస్త్రి దూరం నుంచి చూస్తాండు.

"మేస్త్రిసాబ్, మౌనమంటె మాట్లాడద్దు గని, ఊదద్దని లేదు కద," అన్నది చిలుకమ్మ.

అంత మంది ముంగట వెనకకెట్ల తగ్గుతడు. వచ్చి వంగి ఊదిండు. మంట జర వంగి మళ్ళ నిలవడ్డది. ఇంకోసారి ఊదిండు. లోపల్నించి పిల్లి కూనల తీరు సప్పుడొచ్చింది, గాలి రాలె. నవ్వులు ఆగినయ్. మంట చిలుకమ్మ వేళ్ళ దాంక వచ్చింది. చుర్రుమన్నది. ఆమె ఇడువలె, కాలి కాలి అదే ఆరింది.

"మేస్త్రీ, నిన్న ఎన్ని ముంతలు తాగినవ్?" సాబ్ అన్న మాట పోయింది.

మౌనం అక్కడ్నే ఇరిగింది. "థూ, నేను తాగుడేంది."

"మరి ఛాతెందుకు పట్టింది? సెలవు తెల్లారి, పత్తిల కాలు పెట్టంగనే? నేను తాగిన అని చెప్పు. లేకుంటె మొగిలి తాగలేదని చెప్పు. ఏదన్నొకటి చెప్పు."

మేస్త్రి చెయ్యి రుద్రాక్షల మీదికి పోయింది. అందరు ఆయన దిక్కే చూస్తాన్రు. చిన్నగ, ఇది ముదురుతదా సెల్లె అని అడిగిండు. ఆ భయం చూస్తాంటె చిలుకమ్మకు బెల్లం నోట్లేసుకున్నట్టున్నది. మొగిలికి కాళ్ళెట్ల వాచినయో, ఎట్ల కూసొని నిద్రపొయ్యెటోడో వేళ్ళతోని కొలిచి మరీ చెప్పింది. ఒక్క ముక్క తగ్గియ్యలె. చెప్పినంక నడుము కాడ చెక్కుకున్న చీటీ తీసి చూపెట్టింది.

"దవాఖాన చీటి ఇది. ముందుగాల బోర్డు."

మేస్త్రి గేటు కాడికి నడిచిండు. చిన్న రాతకు మూడుసార్లు ఆగి ఊపిరి పీల్చుకున్నడు. ఆమె తొందర పెట్టలె. పౌలు చదివిండు. "మొగిలి తాగి రాలేదు. ఛాతి రోగంతో వచ్చిండు. రాసింది తప్పు." రాసిందెవలో లేదేంది అన్నది చిలుకమ్మ. మేస్త్రి కింద తన పేరు పెట్టిండు. పౌలుతోని మూడుసార్లు చదివిచ్చుకున్నది, మూడోసారి నల్ల కాడోళ్ళకు వినవడేటట్టు.

అప్పుడిచ్చింది చీటి. "శుక్రవారమే పో. వేరే రోజు పోతే పుల్ల ఆర్పి చూపిస్తవ్, మంచిగున్నవని తోలుతరు."

మేనేజరు తుడిపిచ్చేటప్పటికి మూడు షిఫ్టులోళ్ళు చదివిన్రు.

వచ్చే శుక్రవారం మేస్త్రి పనికి రాలె. చిలుకమ్మ పనికి రానోళ్ళ పేర్లు రాసిన బోర్డు కాడ ఆగి, ఆయన పేరు ముంగట ఏం రాసిన్రో చూడమని పౌలునడిగింది. దవాఖానకు పోయిండని ఉన్నదన్నడు.

"తాగిండని లేదా?"

"లేదు."

"మంచిగ చూడు," అన్నది చిలుకమ్మ.