చీకట్లో క్రిస్టీ ఎలుకలు

నందిగామ కృపారావు కూతురు క్రిస్టీ పరిశోధనలో సాధించిన మొట్టమొదటి విజయం ఏదంటే, పరిగెడుతున్న ఎలుక మెదడులోని అలని చెదిరిపోకుండా కంప్యూటర్ తెర మీదికి తెప్పించడం. చెప్పడానికి ఇంతే. దానికి ఆ పిల్లకి ఏడాదిన్నర పట్టింది. ఎలుక తల మీద రేగుపండంత పరికరం అమర్చాలి. దానిలోంచి వెంట్రుకకన్నా సన్నటి తీగలు మెదడులోకి దిగాలి. దిగాల్సిన చోటే దిగాలి. కూర్చున్నంతసేపూ అంతా బాగానే ఉంటుంది. ఎలుక లేచి నాలుగడుగులు వేసిందంటే తీగ కదిలి తెరంతా పిచ్చిగీతలే. బెంగళూరులో ఆమె పనిచేసే పరిశోధన సంస్థలో ఆమెకన్నా ముందు చేరినవాళ్ళు, "ఎలుకని కూర్చోబెట్టి చేసే పనేదైనా చూసుకో తల్లీ" అని సలహా ఇచ్చారు.

"కూర్చున్న ఎలుకతో నాకేం పని?" అంది క్రిస్టీ.

చివరికి ఒక వానాకాలపు మధ్యాహ్నం ఎలుక ఆ చివర్నుంచి ఈ చివరికి పరిగెత్తింది. తెర మీద అల సెకనుకి ఏడెనిమిది సార్లు లేస్తూ పడుతూ సాఫీగా సాగింది. ఎలుక జోరు పెంచితే అల కూడా జోరు పెంచింది, నెమ్మదిస్తే నెమ్మదించింది. క్రిస్టీ మాస్కు లోపలే ఏడ్చేసింది. వెంటనే ఇంటికి ఫోన్ చేస్తే నానమ్మ పుల్లమ్మ ఎత్తింది.

"ఎలక మెదడులో అల దొరికింది నానమ్మా! దాన్ని తీటా అంటారు."

"తీటా? ఏమే, ఎలక్కి గజ్జేమన్నా లేచిందా?"

ఆ మాట మర్నాటికల్లా పేటంతా పాకింది. ఆ తర్వాత క్రిస్టీ ఎప్పుడు ఊరొచ్చినా, "తీట తగ్గిందా మీ ఎలక్కి?" అని అడగనివాళ్ళు లేరు.

ఆ అల ఎందుకంటే, మెదడులో దారులు గుర్తుపెట్టుకునే భాగం ఒకటుంది. అది మనిషికీ ఉంది, ఎలుకకీ ఉంది. గదిలో ఈ మూలకొస్తే కొన్ని కణాలు పలుకుతాయి, ఆ మూలకెళితే వేరే కణాలు పలుకుతాయి. నాట్లేసే ఆడవాళ్ళు పాట అందుకుని చేతులు కలిపినట్టు, ఈ కణాలన్నీ ఆ అలని పట్టుకుని వరస తప్పకుండా పలుకుతాయి. కాళ్ళు కదిలితేనే ఆ పాట గట్టిగా వినిపిస్తుంది. ఎలుకని బండిలో కూర్చోబెట్టి అదే దారిలో తోసుకుపోతే పాట సన్నగిల్లిపోతుంది.

ఇక చెప్పుకోవాలంటే క్రిస్టీ గెలుపులు అంతకుముందువీ ఉన్నాయి. పదో తరగతిలో మండలం మొదటి ర్యాంకు. జగ్గయ్యపేటలో డిగ్రీ చదివిన మూడేళ్ళూ రోజూ హైవే బస్సులో నిలబడి వెళ్ళి నిలబడి వచ్చింది, జంతుశాస్త్రంలో కాలేజీకే ఫస్టు వచ్చింది. దేశమంతటా జరిగే పరీక్ష రాసి బెంగళూరులో సీటు తెచ్చుకుంది. తండ్రి కృపారావు జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి క్వారీలో రాళ్ళు పేల్చే జట్టులో పనివాడు. తల్లి సూసన్ అంగన్‌వాడీ టీచరు. ఆ రెండు ఊళ్ళ మధ్య బస్సులో తిరిగి చదువుకున్నవాళ్ళలో ఎలుక మెదడు దాకా వెళ్ళినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, ఒప్పుకుందాం.

అల దొరికాక క్రిస్టీ ఇంకా పెద్ద ప్రశ్నకి చెయ్యి చాచింది. కటిక చీకట్లో, కంటికి ఏ గుర్తూ ఆనకుండా, కేవలం తన అడుగుల్ని నమ్ముకుని ఎలుక ఒక చోటు వెతుక్కోగలదా? గుండ్రటి అరుగులాంటి పెద్ద బల్ల. చుట్టూ నల్ల తెరలు. బల్ల మీద ఒకచోట, గుర్తేమీ పెట్టకుండా, గమ్యం. ఎలుకని ఏ వైపు నుంచి వదిలినా అక్కడికొచ్చి ఆగితే తిండి గుళిక పడుతుంది. క్రిస్టీ గమ్యానికి దగ్గర్లో తెర వెనక గుళికతో సిద్ధంగా నిలబడి, ఎలుక రాగానే వేసేది. ఎనిమిది ఎలుకలకి నేర్పింది. ఎనిమిదీ చీకట్లో తాడు లాగినట్టు తిన్నగా గమ్యానికొచ్చాయి. ఆ వస్తున్నంతసేపూ అల ఎక్కడా తడబడలేదు.

గైడు హరిచరణ్ గారు పొదుపుగా మాట్లాడే మనిషి. ఆయనే, "ఇది పెద్ద ఫలితం క్రిస్టీ" అన్నారు. పోర్చుగల్‌లో జరిగే శాస్త్రజ్ఞుల సభకి పంపితే, చదివి వినిపించమని ఆహ్వానం వచ్చింది. పోయినేడాది మే నెల మాట ఇది. సభ జూలైలో.

నందిగామలో కృపారావు ఆగలేదు. క్వారీలో మైసూర్‌పాక్ పంచాడు. చర్చిలో ఆశీర్వాదం పాస్టరు గారితో చెప్పి ఆదివారం ఆరాధన తర్వాత కృతజ్ఞత కూడిక పెట్టించాడు. సూసన్ బంధువులందర్నీ పిలిచింది. క్రిస్టీ వారం సెలవు మీద ఇంటికొచ్చింది, ఎలుకల పని లాబ్‌లో స్నేహితురాలు నీహారికకి అప్పజెప్పి.

శనివారం సాయంత్రం నీహారిక ఫోన్ చేసింది.

"ఏం పెంచావే ఎలుకల్ని! నా చేతికొచ్చేసరికి అన్నీ తాగుబోతుల్లా తిరుగుతున్నాయి. ఒక్కటీ గమ్యం చేరట్లేదు."

"నువ్వు కొత్త కదా, బెదిరుంటాయి."

"బెదరడమా! బల్ల మధ్యలో కూర్చుని మీసాలు దువ్వుకుంటున్నాయి. వీటికి ఆంధ్రావాళ్ళు కావాలేమో."

క్రిస్టీ నవ్వేసి ఫోన్ పెట్టేసింది. అప్పుడే కరెంటు పోయింది. పెరట్లో పుల్లమ్మ కోళ్ళని గంప కిందికి తోలాలి. మోకాళ్ళు పట్టేసి వంగలేక, "నువ్వు పిలువమ్మా, నీ మాటైతే వింటాయి అవి" అంది. క్రిస్టీ గుప్పెడు నూకలు చేతిలోకి తీసుకుని, చిన్నప్పటి నుంచీ చేసినట్టే, నాలుక అంగిటికి కొట్టి ట్ట ట్ట ట్ట అంది. మసకలో కనపడని కోళ్ళు గోడ పక్కనించీ, కట్టెల చాటు నించీ పరుగున వచ్చి కాళ్ళ దగ్గర చేరాయి.

ఆమె చేతిలో నూకలు చేతిలోనే ఉండిపోయాయి. తిండి పెట్టేటప్పుడు నాలుక కొట్టడం ఆ ఇంట్లో మూడు తరాల అలవాటు. కోడికైనా, కుక్కకైనా, ఉయ్యాల్లో పిల్లకైనా. బెంగళూరులో నల్ల తెర వెనక గుళిక పట్టుకుని, ఎలుక ఎప్పుడొస్తుందా అని చూసేటప్పుడు తాను చేసింది కూడా ఇదేనా?

"ఏమే, బొమ్మలా నిలబడ్డావ్? వెయ్యి, అవి చూస్తన్నాయి" అంది పుల్లమ్మ.

"నానమ్మా, నేను తిండి పెట్టేటప్పుడు ఎప్పుడూ ఇలా అంటానా?"

"అనక? నోట్లో అన్నం ముద్ద పెట్టుకునేటప్పుడు కూడా అంటావ్. నీకు నువ్వు వినపడవ్ గాని."

లాబ్‌లో కెమెరా ఉంది. చీకట్లో కూడా చూసే కెమెరా. దానికి కళ్ళున్నాయి గాని చెవుల్లేవు. ఏడాదిగా ఎలుకలు తమ అడుగుల్ని నమ్ముకుని వస్తున్నాయని ఆమె రాసింది. అవి ఆమె నోటి చప్పుడు విని వస్తున్నాయేమో! అదే నిజమైతే పోర్చుగల్ లేదు, పెద్ద ఫలితం లేదు, ఏడాది పని మొత్తం నీళ్ళపాలు.

ఆ రాత్రి భోజనాల దగ్గర తండ్రికి చెప్పింది. కృపారావు ముద్ద కలపడం ఆపేశాడు.

"ఖాయమా?"

"ఖాయం కాదు నాన్నా. వెళ్ళి నోరు మూసుకుని చేసి చూస్తే తెలుస్తుంది."

"మరింకేం? తెలిసిందాకా ఆగు. రేపొక్కరోజు ఊరుకో. వంద మందికి అన్నం చెప్పాం."

"సాక్ష్యం చెప్పమంటారు నాన్నా."

"నాలుగు ముక్కలు చెప్పి దిగు. ఎలకల సంగతి ఎవరికి తెలుస్తుంది ఇక్కడ!"

కూడికలో సాక్ష్యం చెప్పడం అంటే, దేవుడు తనకి చేసిన మేలేమిటో లేచి నిలబడి అందరి ముందూ చెప్పడం. జబ్బు నయమైనవాళ్ళు చెబుతారు, ఉద్యోగం వచ్చినవాళ్ళు చెబుతారు. అక్కడ అబద్ధం ఆడకూడదని సండే స్కూల్లో నేర్పింది సూసనే. ఆదివారం పాస్టరు గారు, "మన బిడ్డ విదేశాల్లో మాట్లాడబోతోంది, ముందు మన దగ్గర మాట్లాడాలి" అని మైకు ఇచ్చారు. ముందు వరసలో కృపారావు ఇస్త్రీ చొక్కాతో కూర్చుని కూతురి కళ్ళలోకి చూశాడు.

క్రిస్టీ చదువు సంగతి చెప్పింది, అల దొరికిన సంగతి చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. దిగిపోవచ్చు. దిగలేదు.

"ఏ ఫలితం చూసి నన్ను పిలిచారో అది తప్పేమోనని నిన్న సాయంత్రం అనుమానమొచ్చిందండి. ఎలుకలు వాటంతట అవే దారి తెలుసుకున్నాయనుకున్నా. నా నోటి చప్పుడే వాటికి దారి చూపించిందేమో. అది తేలేదాకా నేను ఎక్కడికీ వెళ్ళను. నా కోసం ప్రార్థన చెయ్యండి."

స్తోత్రం అనాలా వద్దా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాస్టరు గారు, "బిడ్డ నిజం చెప్పింది. అదీ మేలే" అన్నారు. భోజనాల్లో మాటలు మాత్రం ఆగలేదు. "ఎలకలు మోసం చేశాయంట." "దీనికేనా మాంసం వండింది?" "తినేటప్పుడు ఆ పేరెత్తకే!"

సోమవారం కృపారావు కూతుర్ని బండి మీద బస్టాండుకి దింపుతూ, విజయవాడ బస్సు కదలబోతుండగా అన్నాడు. "మా క్వారీలో మందు కూరిన గుంతల్లో ఒక్కటి పేలకపోయినా వెంటనే చెప్పాలి. చెప్పకపోతే తర్వాతొచ్చిన జట్టు దాని మీద నిలబడుద్ది. నాకు మీ ఎలకల గురించి తెలవదు. వెళ్ళి మీ సారుకి చెప్పు."

"వందమందికి చెప్పేశాక ఇంకా ఆయన్నుంచి దాస్తానా నాన్నా!"

"పెద్ద నోరు నీది. ఆ నోరే గదా కొంప ముంచింది" అన్నాడు కృపారావు. ఇద్దరికీ నవ్వొచ్చింది.

బెంగళూరులో హరిచరణ్ గారికి చెప్పడం చర్చిలో చెప్పినంత తేలిక కాలేదు. ఆయన, "ముందు పరీక్ష చేసి చూద్దాం" అన్నారు. క్రిస్టీ నోటికి టేపు వేసుకుని తెర వెనక నిలబడింది. ఎలుకలు బల్లంతా కలయదిరిగాయి. తర్వాత నీహారిక అదే తెర వెనక ట్ట ట్ట ట్ట అంటే తిన్నగా అటే వచ్చాయి. వాటి తప్పేం లేదు పాపం. కోళ్ళలాగే అవీ, ఎవరు పెడతారో వాళ్ళ నోరు విన్నాయి. ఆ సాయంత్రమే హరిచరణ్ గారు పోర్చుగల్‌కి రాసి క్రిస్టీ పేరు తీయించేశారు.

జూలైలో ఆ సభ జరుగుతున్న రోజుల్లో ఆమె కొత్త ఎలుకలకి పేర్లు పెడుతోంది. తిండి వేసే పని మిషన్‌కి అప్పజెప్పింది. గదిలో ఒకే తీరుగా హోరుమనే చప్పుడు పెట్టించింది, బయటి మాటేదీ వినపడకుండా. తాను పక్కగదిలో తలుపేసుకుని కూర్చుంది. కెమెరాకి ఈసారి చెవులు కూడా పెట్టించింది. మూడు నెలలు ఏ ఎలుకా ఏమీ చెయ్యలేదు. నీహారిక టీ తెచ్చిపెడుతూ, "పోనీ ఒక్కసారి పిలువవే పాపం" అని ఆటపట్టించేది.

శీతాకాలానికి కొన్ని దారిలో పడ్డాయి. తాడు లాగినట్టు కాదు. చీకట్లో అడుగులు పెరిగేకొద్దీ ఎలుక లెక్క కొంచెం కొంచెం తప్పుతుంది, గమ్యానికి పక్కగా పోతుంది. బల్ల అంచు మీసాలకి తగిలినప్పుడు ఆగుతుంది, తిరుగుతుంది, ఈసారి సరిగా వెళుతుంది. అంచు తగిలిన ఆ ఘడియలో, చెదిరిన కణాలు మళ్ళీ అలతో వరస కలపడం క్రిస్టీ తెర మీద చూసింది. ఇది మొదటి దానంత పెద్ద ఫలితం కాదు. కానీ గదిలో ఎవరూ లేకుండా, ఎవరూ పిలవకుండా వచ్చింది. హరిచరణ్ గారు కాగితాలు రెండుసార్లు చదివి, "ఇది నిలుస్తుంది" అన్నారు. నందిగామ పిల్లల విజయాలు రాసేవాళ్ళు ఎవరైనా ఉంటే మండలం ర్యాంకు పక్కన దీన్నీ, దీని పక్కన చర్చిలో మైకు పట్టుకున్న ఆదివారాన్నీ రాయాలి.

కృపారావు ఈసారి మైసూర్‌పాక్ కొనలేదు. "కాగితం అచ్చయ్యాక చూద్దాం" అని క్వారీలో చెప్పాడు, అయినా అందరికీ చెప్పాడు. ఇంక రెండు ఎలుకల పని మిగిలింది. అది ముగిస్తేగాని కదలనంది క్రిస్టీ. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టల ఆదివారానికి ఒకరోజు ముందు విజయవాడలో రైలు దిగి, కీసర మీదుగా బస్సులో నందిగామ చేరుతుందని సూసన్ చెబుతోంది. ఆ రోజు 2026 మార్చి 28, శనివారం.