పొంగకుండా పోసిన నేరేడు బీరు

నా చిన్నబిడ్డ పోయింది. పోయిన నెల జ్వరం వచ్చింది, హైదరాబాదులోనే దవాఖానలో చేర్చారు, రేపో మాపో ఇంటికి తెచ్చుకుంటామని అనుకుంటుండగానే పోయింది. మడికొండలో మా వాడకట్టు వాళ్లకు తెలుసు. కానీ బస్సులో కలిసేవాళ్లు, మార్కెట్లో మా ఆయనతో పనిచేసేవాళ్లు ఇంకా అడుగుతున్నారు, "మీ బీరు బిడ్డ మంచిగున్నదా?" అని. ఒక్కొక్కరికి చెప్పాలంటే నోరు రావడం లేదు. అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను. ఏడుపు రాయను. అది నా దగ్గర ఎట్లాగూ ఉంటుంది. నా బిడ్డతో బతికిన రోజులు బాగుండె, అవి రాస్తాను.

బీరు బిడ్డ అని పేరు ఎందుకొచ్చిందంటే, అది చేసే పని అదే. హైదరాబాదులో ఒక పెద్ద హోటలు ఉంది, వాళ్లు అమ్మే బీరు వాళ్లే తయారు చేసుకుంటారు. మనిషికి రెండింతల ఎత్తు స్టీలు డ్రమ్ములుంటాయి. వాటి బాధ్యతంతా నా బిడ్డదే. ఈ ఉద్యోగం సంగతి మొదట విన్నప్పుడు మా ఆయన అక్క గడపలోనే కూలబడింది.

"ఆడివిల్లవు, బీరు చేస్తవానే? రేపు నిన్నెవడు చేసుకుంటడే?"

"బీరు తాగెటోడు చేసుకుంటడు అత్తా. మన ఊర్ల వాళ్లకేం కరువు?"

 ఆ పనిని మా ఆడబిడ్డ ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఎవరైనా అడిగితే మేనకోడలు జ్యూసు కంపెనీలో ఉందని చెప్పేది.

నా బిడ్డకు ఏదైనా ముక్కుతోనే తెలిసేది. బియ్యం వాసన చూసేది, చింతపండు వాసన చూసేది, ఇంటికి రాగానే నా తల వాసన చూసి "కుంకుడుకాయ అయిపోయిందా అమ్మా, షాంపూ పెట్టినవ్" అనేది. ఇడ్లీ పిండి గిన్నె చెవి దగ్గర పెట్టుకొని వినేది. "ఇంక జరసేపైతది, ఇంక మాట్లాడుతాంది" అని మళ్లీ మూత పెట్టేది. హైదరాబాదు నుంచి ఫోను చేస్తే నా ఆరోగ్యం తర్వాత, పిండి పొంగిందా లేదా అని ముందు.

ఒకసారి అక్కడ నేరేడుపండ్లు వేసి ఒక బీరు చేసిందట. అది పుల్లటి రకం, ఏండ్లు ఆగితేనే రుచి వస్తుందట. ఓనరు తాగి మొహం చిట్లించాడు, ఇది ఎవరు కొంటారమ్మా, నువ్వే తీసుకుపో అన్నాడు. నా బిడ్డ సంబరంగా సీసాల్లో నింపి ఇంటికి తెచ్చింది. మెట్ల కింద చీకటి అర్రలో పెట్టింది. మామిడికాయ తొక్కు ఊరినట్టు ఊరాలని చెప్పింది. మా ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ. మిర్చి బస్తాలు మోసి ఇంటికి వస్తే ఇంటిల్లిపాదికీ తుమ్ములే.

"బాపూ, ఆ అంగీతోని ఈ అర్రలకు రాకు."

"నా ఇంట్ల నాకే గేటు పెట్టినవా?"

"నీకు కాదు, నీ మిర్చికి."

ఆయన అర్ర బయటే నిలబడి, లోపలికి తొంగిచూసి, ఒక తుమ్ము తుమ్మి వెళ్లిపోయేవాడు.

ఏడాది దాటాక ఒక ఎండాకాలం పగలు, బిడ్డ స్నానానికి పోయిన సందు చూసి ఆయన ఒక సీసా తెచ్చి మంచం అంచుకు ఆనించి మూత కొట్టాడు. ఒక్కటే చప్పుడు. నురుగు లేచి పైకప్పుకు తగిలింది. ఆయన మీసాలు, బనీను, గోడ మీద క్యాలెండరు అన్నీ నేరేడు రంగు. పక్కింటామె ఉరికొచ్చింది. "ఏందక్కా, సిలిండర్ పేలిందా?" బిడ్డ తడి తలతో వచ్చి చూసి, నవ్వి నవ్వి నేల మీద కూర్చుంది. "బాపూ, నువ్వు దాన్ని తాగినవా, అది నిన్ను తాగిందా?" ఆయన మాత్రం మీసం నాకి, "పుల్లగున్నది గని మంచిగనే ఉన్నదే" అన్నాడు.

ఆ రోజు బిడ్డ నాకు పోసే పద్ధతి నేర్పింది. ఈ పుల్లటి బీరులో దాన్ని పులియబెట్టే ఈస్టు నిద్రపోదట. సీసాలో మిగిలిన తీపిని ఏండ్ల తరబడి తింటూనే ఉంటుంది, గ్యాసు పెరుగుతూనే ఉంటుంది. వెచ్చగా ఉంటే ఆ గ్యాసు ఆగదు. కదిపితే అడుగున మడ్డి లేస్తుంది, మడ్డి లేస్తే నురుగు తన్నుకొస్తుంది. అందుకని సీసాను నిలువుగా ఫ్రిజ్‌లో పెట్టి, మడ్డి పేరుకునేదాకా కదపొద్దు. తీసేటప్పుడు తడి తువ్వాల చుట్టాలి, పగిలినా చేతికి తగలకుండా. మూతను ఒక్కసారే పీకొద్దు. వెంట్రుకంత లేపాలి, బుస్సుమనగానే ఆపాలి, అదిమిపట్టాలి, మళ్లీ లేపాలి. చప్పుడు చల్లారాకే మూత తీయాలి. పోయడం మొదలుపెట్టాక సీసాను మళ్లీ నిటారుగా లేపొద్దు, ఒక్క వంపుతోనే జగ్గులోకి వంచెయ్యాలి, అడుగున మడ్డి వదిలెయ్యాలి.

"మీ బాపుకు చెప్పు, నాకెందుకే?" అన్నాను.

"బాపుకు ఆగుడు రాదు. నువ్వు పాలు పొంగకుంట పొయ్యికాడ నిలబడేదానివి."

మొదట్లో నా చేతిలో సగం సీసా నేలపాలయ్యేది. ఒక్కనాడూ కోపం చేయలేదు. "సగం మనకు, సగం భూమికి. భూమి గూడ తాగాలె గదమ్మా" అనేది. నేను తొందరపడితే నా చేతి మీద చెయ్యి వేసి, "తొందర దానికి లేదు, మనకే" అనేది. ఆ చెయ్యి ఎప్పుడూ చల్లగా ఉండేది. అట్లా పండుగకొకటి, పుట్టినరోజుకొకటి తాగుతూ, చుట్టాలకు పోస్తూ మా ఇంట్లో సీసాలన్నీ ఒడిసిపోయాయి.

బిడ్డ పోయాక, దానితో పనిచేసే స్నేహితురాలు బట్టలు, పుస్తకాలు కారులో తెచ్చింది. వాటితో పాటు ఒక సీసా. "ఆంటీ, నేరేడుది ఇదొక్కటే మిగిలింది. తన రూములో దాచుకున్నది" అని నా చేతిలో పెట్టింది. సీసా వెచ్చగా ఉంది. ఆ ఎండలో, అంత దూరం, కారులో ఎగిరెగిరి వచ్చింది.

మాలో ఐదో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరం జరుగుతారు. పిట్ట ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. మగవాళ్లకు కల్లు పెడతారు, మందు పెడతారు, ఎవరూ ఏమీ అనరు. నేను బీరు పెడతానంటే మా ఆడబిడ్డ లేచింది.

"పెండ్లిగాని పిల్లకు బీరు పెడ్తవానే? నలుగురు ఏమనుకుంటరు?"

"తాగుడుకు కాదు వదినా. దాని చేతి పని ఇంక ఇదొక్కటే ఉన్నది. అదే పెడ్తాన్న."

ఆమె కొంగు దులుపుకొని లోపలికి పోయింది. ఒప్పుకున్నట్టూ కాదు.

నా భయం ఆమె గురించి కాదు. ఆ సీసా పొంగితే విస్తరిలో పెట్టడానికి చుక్క మిగలదు. మళ్లీ చేసేవాళ్లు లేరు. ఫ్రిజ్‌లో ఒక అర తీసేసి సీసాను నిలబెట్టాను. ఇంటినిండా చుట్టాలు. ఒకరు చల్లనీళ్లకు, ఒకరు పాలప్యాకెట్టుకు, ఊరికే తలుపు లాగుతున్నారు. నేను ఫ్రిజ్ పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాను. పలకరింపుకు వచ్చినవాళ్లంతా అక్కడికే వచ్చి నన్ను పట్టుకొని ఏడ్చారు. "జర మెల్లగ ఏడువుండ్రి, ఫ్రిజ్ కదులుతాంది" అన్నానట. నాకు గుర్తులేదు. ఇప్పుడు మా ఆడబిడ్డ అది చెప్పి అందరినీ నవ్విస్తుంది.

ఐదో రోజు డాబా మీద విస్తరి వేశాము. సర్వపిండి, మాంసం కూర, ఉడికిన గుడ్డు, లడ్డు. సీసాను పసిపిల్లను తెచ్చినట్టు మెట్లెక్కి తెచ్చాను. తడి తువ్వాల చుట్టాను. మా ఆయన బేసిను పట్టుకున్నాడు. మూతను వెంట్రుకంత లేపాను. బుస్సుమని మెడ దాకా నురుగొచ్చింది. ఆయన బేసినును సీసా కిందికి తోశాడు.

"పోతాంది, పోతాంది!"

"నువ్వు ఊకో."

అదిమిపట్టాను. మళ్లీ లేపాను, మళ్లీ పట్టాను. నురుగు దిగుతుంది, మళ్లీ లేస్తుంది. ఎండ నేరుగా సీసా మీద పడుతోంది. చల్లదనం పోతే ఇంక నా చేతిలో ఆగదని నాకు తెలుసు.

"ఇంకెంతసేపే? కాకులన్ని మార్కెట్‌కు పొయ్యేటట్టున్నయి" అంది మా ఆడబిడ్డ.

నేను తల ఎత్తలేదు. కాసేపటికి సీసా మీద నీడ పడింది. చూస్తే ఆమె. ఎండకు వీపు పెట్టి నిలబడి, కొంగును రెండు చేతులతో గొడుగులా పట్టింది. "నువ్వు కానియ్యి, మెల్లగనే కానియ్యి" అంది. ఆమె చెంపల మీది నుంచి చెమట కారుతున్నా చేతులు దించలేదు.

ఆ నీడలో ఎంతసేపు లేపానో, ఎంతసేపు పట్టానో. చివరికి మూత కింద చప్పుడు ఆగింది. తీశాను. నురుగు మెడ అంచుదాకా వచ్చి, అక్కడే నిలబడి, మెల్లగా దిగిపోయింది. బేసినులో ఒక్క చుక్క పడలేదు. జగ్గులోకి వంచాను. నేరేడుపండు రసంలా, మడ్డి లేకుండా తేటగా వచ్చింది. మొదటి గ్లాసు విస్తరిలో పెట్టాను.

అందరం మెట్ల దగ్గరికి జరిగాము. మా ఆడబిడ్డ నా భుజం పట్టుకుంది. పిట్టగోడ మీద వాలిన కాకి కిందికి దూకింది. మాంసం చుట్టూ తిరిగింది, లడ్డును ఒకసారి పొడిచి వదిలేసింది. గ్లాసు దగ్గర ఆగింది. తల ఒక పక్కకు వంచి లోపలికి చూసింది. ముక్కు ముంచింది. తర్వాత మెడ సాచి, ఆ గుటక దిగేదాకా, ముక్కును ఆకాశం వైపు ఎత్తి అట్లాగే నిలబడింది.