అవార్డు సార్లు వచ్చిన శనివారం

రెండువేల ఇరవై మూడు, ఫిబ్రవరి నెల, రెండో శనివారం, పొద్దున పదకొండుంబావు. ఇబ్రహీంపట్నంల సాగర్ రోడ్డు మీద, మందుల దుకాణం పైన మా నిద్ర దవాఖాన. నేను అక్కడ ఆయమ్మను. ఆ గడియల మా డాక్టరమ్మ శైలజ నాలుగోసారి కుర్చీలు జరుపుతున్నది. వచ్చేది ఇద్దరు. జరిపిన కుర్చీలనే మళ్ల జరుపుతున్నది.

"నిద్ర దవాఖానల ఆయమ్మకు ఏం పని? దుప్పట్లు కప్పుతవా?" అని మా వాడకట్టుల నవ్వుతరు. అందుకని ముందు పని చెప్త. స్లీప్ స్టడీ అంటె మనిషి తలకు, రొమ్ముకు, కాళ్లకు వైర్లు అంటించి నిద్రల ఊపిరి ఎట్ల నడుస్తున్నదో చూసుడు. తెల్లారినంక ఆ వైర్ల బంకను జుట్టుకెల్లి కడిగేది నేను. గురక పెట్టేటోళ్లల్ల కొందరికి నిద్రల గొంతు మూసుకపోతది. ఊపిరి ఆగుతది. పాణం ఉలికిపడి లేపుతది, మళ్ల మూసుకపోతది. రాత్రంత ఇదే. మనిషికేమో తెల్వనే తెల్వదు, పొద్దంత మబ్బు మబ్బుగ తిరుగుతడు. దీన్ని స్లీప్ ఆప్నియా అంటరు. దీనికి సీప్యాప్ అనే మిషిని ఉంటది. ముక్కుకు మాస్కు పెట్టుకుంటె అది గాలి ఊది గొంతును తెరిచి పెడ్తది. మాస్కు కొలత చూసుడు, పట్టీలు బిగించుడు, ఇంట్ల ఎట్ల కడగాల్నో చెప్పుడు గూడ నా పనులే.

నేను రాసుడు నేర్చింది నలభై దాటినంక. సుట్టు తిప్పి రాయరాదు. ఉన్నది ఉన్నట్టు రాస్త.

పట్నంల నిద్ర డాక్టర్ల సంఘం ఒకటి ఏటేటా అవార్డులు ఇస్తది. పరిశోధన చేసినోళ్లకు ఒకటి, ఏండ్లకేండ్లు పనిచేసిన పెద్ద డాక్టర్లకు ఒకటి, చిన్న ఊర్లల్ల నిద్ర వైద్యం చేసేటోళ్లకు ఒకటి. ఈ మూడోదానికి మా డాక్టరమ్మ దరఖాస్తు పెట్టింది. ఆమె దాతలను అడిగి కొన్ని మిషిన్లు తెచ్చి, కొనలేనోళ్లకు ఊరికే ఇచ్చింది. ఇచ్చుడు పెద్ద పని కాదు. మాస్కు పెట్టుకుంటె ఉక్కపోస్తదని నెల తిరగకుండ అటక మీద పడేస్తరు. ఎంతసేపు పెట్టుకున్నరో మిషిని లెక్క ఉంచుతది, దాన్ని కంప్లయెన్స్ అంటరు. మేమిచ్చిన అందర్ల యాదగిరిది అన్నిటికన్న మంచి గ్రాఫ్. ఒక్క రాత్రి తప్పలె. అవార్డు సార్లు అతన్ని చూస్తమన్నరు.

యాదగిరి ఆదిభట్ల దిక్కు ఒక కంపెనీ బస్సు తోలుతడు. పొద్దున్నే హయత్‌నగర్ల మందిని ఎక్కించుకొని కంపెనీల దించుతడు. అంతకుముందటి ఏడాది చలికాలంల కండ్లు మూతపడి బస్సు డివైడర్‌కు రాసుకున్నది. ఎవరికీ ఏం కాలె. బండ్ల ఇన్‌ఛార్జి మా దగ్గరికి పంపిండు. "నెల నెల మిషిని రిపోర్టు చూపియ్యి, మంచిగుంటెనే స్టీరింగ్" అన్నడు. రిపోర్టు మస్తు మంచిగ వచ్చింది. స్టీరింగ్ ఇచ్చిండు.

ఆ శనివారం సార్లు ఇంక రాలె. డాక్టరమ్మ కిటికీ కాడికి పోతది, ఫోన్ చూస్తది, ల్యాప్‌టాప్ తెరుస్తది, మూస్తది. మూడు దినాల సంది ఆమెకు నిద్ర లేదు. "నిద్ర డాక్టరుకు నిద్ర లేకపోతె ఎట్ల బిడ్డా" అని నేనంటె నవ్వలె. "గంగమ్మా, చాయ్ పెట్టినవా?" అన్నది. పెట్టి రెండుసార్లు చల్లార్చిన.

బయట బల్ల మీద యాదగిరి కూసున్నడు. ఒక పక్క భార్య స్వరూప, ఇంకో పక్క తల్లి అంజమ్మ. మిషిని సంచి అంజమ్మ ఒడిల ఉన్నది. రెండు చేతుల్తోటి పట్టుకున్నది.

"నువ్వెందుకొచ్చినవ్ అక్కా, ఇంత ఎండల?" అన్న.

"ఈ మిషిని ఇచ్చిన తల్లిని చూద్దామని వచ్చిన చెల్లె. ఒక దండం పెట్టి పోత."

నేను మూడోసారి చాయ్ పెట్టి వచ్చెటాల్లకు యాదగిరి తల గోడకు వాలింది. నోరు తెరుచుకున్నది. గురక, గురక, ఇగ సప్పుడు లేదు. రొమ్ము ఎగుస్తున్నది గని గాలి పోతలేదు. ఉన్నట్టుండి ఉక్కిరిబిక్కిరై మళ్ల గురక. రాత్రంత మాస్కు పెట్టుకొని పండుకునే మనిషి పదకొండు గంటలకు బల్ల మీద ఇట్ల పడుతడా? స్వరూప దిక్కు చూసిన. ఆమె చెప్పులు చూసుకుంటున్నది.

"ఏందే?"

"ఏం లేదు పెద్దమ్మా. నిన్న డ్యూటీ దిగుడు లేటయింది."

"మాస్కు పెట్టుకుంటలేడా?"

ఆమె లేచి నన్ను నీళ్ల నల్ల కాడికి గుంజుకపోయింది. ఎవరు వింటున్నరోనని అటు ఇటు చూసింది. "అత్త పెట్టుకుంటది" అన్నది.

సంగతి ఇట్ల. యాదగిరి రెండు రాత్రులు పెట్టుకున్నడు. మొకం కట్టేసినట్టున్నదని పీకి పడేసిండు. మూడో రాత్రి, "అమ్మా, నువ్వు గూడ గురక పెడ్తవ్ గద, జర చూడు" అని నవ్వులాటకు ముసలామె ముక్కుకు పెట్టిండు. ఆమె పొద్దెక్కేదాక లేవలె. లేచి, "ఇన్నేండ్లు నేను నిద్రే పోలె గదరా" అన్నదట.

"ఇగ ఎట్ల అడుగుతం పెద్దమ్మా?" అన్నది స్వరూప. "మా ఇంట్ల మంచి దుప్పటి వస్తె ముందు అత్తకే కప్పుతం. పండు తెస్తె ఆమె తిన్నంకనే మేము తింటం. ఇది గూడ గట్లనే అయింది. ఆయన అడగడు. నేను కోడల్ని, నేనడిగితె ఊరంత ఏమంటది?"

"అత్తకు ఎరుకనేనా?"

"కొడుకుకు తక్కువైంది, ఇగ అక్కర లేదు అనుకుంటది. ఆయన గట్లనే చెప్పిండు. నెల రిపోర్టు మంచిగ రాంగనే ఇగ ఎవ్వరం నోరు తెరవలె."

నేను పోయి యాదగిరి భుజం పట్టి ఊపిన. లేచి కండ్లు నులుముకున్నడు, భార్య మొకం చూసిండు, అంత సమజైంది. నల్ల కాడికి వచ్చిండు.

"చెప్పకు పెద్దమ్మా. స్టీరింగ్ పోతె ఇగ నాకేం పని రాదు. తోలుడు ఒక్కటే ఎరుక."

"సోమవారం బండి ఎవరు తోలుతరు?"

"నేనే. జాగ్రత్తగనే ఉంటున్న. మిరపకాయ కొరుకుత. కిటికీ అద్దం తీసి పెడ్త."

"వెనుక కూసున్నోళ్లు?"

"వాళ్లా? హయత్‌నగర్ల ఎక్కంగనే మెడలు వాలుస్తరు. నిండు బస్సు నిద్ర పోతది. అద్దంల వాళ్లను చూస్తె నాకు ఇంక గుంజుతది." నవ్వుదామని మొదలుపెట్టి ఆగిపోయిండు.

"లోపటికి పోయి నువ్వు చెప్తవా, నేను చెప్పాల్నా?" అన్న.

"డాక్టరమ్మ అవార్డు పోతది."

"ఆమె అవార్డు అడ్డం పెట్టుకొని నువ్వు దాక్కోకు. నీ సంగతి చెప్పు."

మెట్ల మీద బూట్ల సప్పుడైంది. సార్లు వచ్చిన్రు.

ఒకాయన మూర్తి సారు, తెల్ల జుట్టు, పెద్దమనిషి. ఇంకొకరు సుజాత మేడం. కూసున్నరో లేదో కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద ల్యాప్‌టాప్ ఒక్కటే నడుస్తున్నది, ఫ్యాను లేదు. చిన్న గది. అందరికి చెమటలు. డాక్టరమ్మ గబగబ గ్రాఫ్ చూపిచ్చింది. నీలం గీతలు, అన్ని ఒక్క ఎత్తు.

"ఇట్లాంటి గ్రాఫ్ నేను పట్నంలో కూడా చూడలేదు" అన్నడు మూర్తి సారు. "ఎట్లా అలవాటు చేసుకున్నావు నాయనా?"

యాదగిరి నిలబడి దస్తీని మెలిపెడుతున్నడు. నేను నీళ్ల గ్లాసులు పట్టుకొని తలుపు కాడ నిలబడ్డ. చూస్తున్న. సుజాత మేడం సంచిలకెల్లి మిషిని తీసింది. దాని మీద కుంకుమ బొట్టు.

"ఇదేంటమ్మా?"

"కొత్త మిషిని గద బిడ్డా" అన్నది అంజమ్మ. "బండికి పెడ్తం. దీనికి పెట్టొద్దా?"

అందరు నవ్విన్రు. నవ్వేటాల్లకు ముసలామెకు ధైర్యమొచ్చింది. "అలవాటుకేమున్నది సారూ, రెండో దినానికే అయింది. ముక్కు మీద జర గుచ్చుతది. ఇంత పత్తి పెట్టుకున్న. ఇగ మెలకువ వస్తె ఒట్టు."

మేడం నవ్వుకుంటనే, "మీ అబ్బాయి సంగతి అడుగుతున్నామమ్మా" అన్నది.

"వాడెందుకు పెట్టుకుంటడు? వానికి తక్కువైంది. నేనే పెట్టుకుంటున్న."

డాక్టరమ్మ గ్రాఫ్ దిక్కు చూసింది, యాదగిరి దిక్కు చూసింది, ఆఖరుకు నా దిక్కు. "గంగమ్మా, నీకు తెల్సా?"

"ఇప్పుడే తెల్సింది. నల్ల కాడ."

యాదగిరికి ఇంక దారి ఉండె. ముసల్ది ఏదో అంటున్నది, మతి లేదు అంటె సార్లు నమ్మేటోళ్లే. నేను అతని పెదవులే చూస్తున్న. ఆ మాట అంటె గ్లాసులు కింద పెట్టి నేను మొదలుపెట్టేదాన్ని.

"అవ్ మేడం" అన్నడు. "నేను పెట్టుకుంటలేను. నాకు తక్కువ కాలె. ఇంతకుముందే మీ బల్ల మీద నిద్ర పోయిన."

అంజమ్మ కొడుకు దిక్కు తిరిగింది. "తక్కువ కాలేదా? మరి నాకెందుకిచ్చినవ్ రా?"

"నువ్వు పండుకుంటున్నవ్ గదనే అమ్మా."

ముసలామె మిషిని అందుకొని అతని చేతుల పెట్టింది. అతను తీసుకోలె. ఆమె నూకుతది, అతను వెనుకకు నూకుతడు. మాస్కు పైపు నడుమ వేలాడుతున్నది. "పట్టురా. పట్టు అంటున్న గద" అని ఆమె గొంతు లేచింది. అందరం లేచి నిలబడ్డం. ఎవ్వరికి కూసోబుద్ది కాలె.

డాక్టరమ్మ ల్యాప్‌టాప్ మూసింది. "సార్, ఈ కేసు నా దరఖాస్తులకెల్లి తీసెయ్యండి."

"ఒక్క కేసే కదమ్మా" అన్నడు మూర్తి సారు. "మిగతావి ఉన్నాయి."

"మిగతావి ఎవరివో నాకు ఇప్పుడు తెల్వదు సార్."

తర్వాత యాదగిరి ముందటికి వచ్చి నిలబడ్డది. "సోమవారం నువ్వు బస్సు తోలొద్దు. మీ ఇన్‌ఛార్జికి నేను ఫోన్ చెయ్య. నువ్వే చెయ్యాలె."

అతను ఫోన్ తీసి చానాసేపు పట్టుకున్నడు. స్వరూప గోడకు ఆనుకున్నది. ఎండ కిటికీలకెల్లి సక్కగ అతని మొకం మీద పడుతున్నది, అతను జరగలె గూడ. ఆఖరుకు చేసిండు.

"సార్, యాదగిరిని. సోమవారం వేరే డ్రైవర్‌ను పెట్టుండ్రి. లేదు సార్, జరం కాదు. రిపోర్టు నాది కాదు సార్. అవ్. బస్సుల నిద్రొస్తున్నది."

అవతల ఏమన్నరో మాకు వినపడలె. ఫోన్ జేబుల పెట్టుకొని, "వచ్చి తాళం ఇచ్చెయ్యుమన్నడు" అన్నడు. చాయ్ అట్లనే ఉన్నది. ఎవ్వరు తాగలె.

అవార్డు రాలె. వేరే ఎవరికో ఇచ్చిన్రు, ఎవరికో నేను కనుక్కోలె. ఆ మరుసటి వారం అంజమ్మకు గూడ స్టడీ చేసినం. కొడుకుకన్న తల్లికే రోగం ఎక్కువున్నది. మిషిని ఒక్కటే. డాక్టరమ్మ తిరిగి తిరిగి ఇంకొకటి తెచ్చెటాల్లకు ఎండలు ముదిరినయి. అప్పటిదాక ముసలామె పండుకునుడే మానేసింది. గోడకు ఆనుకొని కూసొని కొడుకు మొకం చూసేది. నిద్రల మాస్కు పీకబోతె చెయ్యి మీద ఒక్కటి కొట్టేది. యాదగిరి అలవాటు పడ్డది గట్ల. మేము చెప్పిన ఉపాయాలతోటి కాదు.

ఎండకాలమంత షెడ్డుల టైర్లకు గాలి కొట్టిండు. వానలు పడ్డంక మళ్ల స్టడీ చేసినం, ఈసారి రిపోర్టు అతనిదే. పెద్ద బస్సు ఇయ్యలె. క్యాంటీన్‌కు కూరగాయలు తెచ్చే వ్యాను ఇచ్చిన్రు. ఇప్పటికి అదే తోలుతున్నడు. "ఇవైతె వెనుక కూసొని గురక పెట్టవు పెద్దమ్మా" అంటడు. బస్సు మీది ఆశ ఇంక పోలె, నాకు ఎరుకనే.

ఈ కేసు నేర్పింది ఒక్కటే. మిషిని మేము మనిషికి ఇచ్చినమనుకున్నం. మేమిచ్చింది ఇంటికి. ఇప్పుడు ఎవరికన్న మిషిని ఇచ్చే ముందు నేను ఒక మాట అడుగుత: ఇంట్ల ఇంకెవరు గురక పెడ్తరు? చెప్పినంక గూడ ఊకోను, ఇంటికి పోత. మిషిని ఎవరి చాప కాడ ఉన్నదో నా కండ్లతోటి చూస్త. ఇంకో రెండిండ్లల్ల గూడ గిట్లనే దొరికింది. ఒక కాడ అన్న మిషిని తమ్ముడు పెట్టుకుంటుండె, ఒక కాడ మొగుడూ పెండ్లాం వంతులు వేసుకున్నరు. డాక్టరమ్మ మళ్ల దరఖాస్తు పెట్టిందా అని అడుగుతరు. పెట్టింది. రాలె. మళ్ల పెడ్తదట. మళ్ల కుర్చీలు జరుపుతది.

ఇది రాస్తున్న, నీ పేరు రాయాల్నా వద్దా అని యాదగిరిని అడిగిన. "రాయి. గని అమ్మ పేరు ముందు రాయి" అన్నడు.

ఆ దినం ఆ గదిల ఉన్నది అంజమ్మ, ఆమె కొడుకు యాదగిరి, కోడలు స్వరూప, డాక్టరమ్మ శైలజ, పట్నంకెల్లి వచ్చిన మూర్తి సారు, సుజాత మేడం, నేను గంగమ్మ. హయత్‌నగర్ల బస్సు ఎక్కేటోళ్లు లేరు. వాళ్ల పేర్లు నాకు తెల్వయి. వాళ్లకు శనివారం సెలవు, ఇండ్లల్ల పండుకొని ఉంటరు.